ఇంటిలోని మూడవ తీగ

వాల్వులతో పనిచేయు రేడియోలు మన యిండ్లలో నుండిన కాలమును ఎరిగినవారు శ్రోతలలో ఇప్పటికిని కొందరుందురు. ఆ పెట్టె వెనుకవైపున ఏరియలుకు ఒకటి, ఎర్త్‌కు ఒకటి, రెండు చిన్న రంధ్రము లుండెడివి. ఏరియలు తీగ డాబా మీదికి పోవును. ఎర్త్ తీగ కిటికీగుండ పెరటిలోనికి దిగి, నూతిగట్టు ప్రక్కన పాతిన రాగిరేకునో, ఇనుప గొట్టమునో చేరును. ఎండకాలములో పాటకు అడ్డముగా గరగర మొదలైనచో ఇంటి పెద్ద, "ఎర్త్ ఎండిపోయినట్టుంది, రెండు చెంబుల నీళ్ళు పోసిరండర్రా" అని కేకవేసెడివాడు. పిల్లలు పరుగున పోయి పోసెడివారు.

పాట తేటగా వినవచ్చుటకై ఎర్త్‌కు నీరు పోసిన ఆ యిండ్లలోనే, మనుష్యుల ప్రాణములను కాపాడు మరియొక ఎర్త్ ఉండవలెనని మాత్రము చాలమందికి తోచలేదు. నేటికిని ఎందరికో తోచుట లేదు. ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఆ రెండవ ఎర్త్‌ను గూర్చి.

అప్పటివారి అశ్రద్ధకు ఒక కారణము లేకపోలేదు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించిన నాటికి, కరెంటు వచ్చిన సామాన్య గృహములో ఉండునవి రెండు మూడు దీపములు, కలిగిన వారింట ఒక పంకా, ఒక రేడియో. దీపము తలకు పైన ఉండును. స్విచ్చి గోడమీద ఉండును. తడిచేతితో ముట్టుకొనవలసిన ఇనుప వస్తువేదియు ఆ యింటిలో కరెంటుతో పనిచేయుట లేదు. నేడట్లు కాదు. వంటయింటిలో ఫ్రిజ్జు, గ్రైండరు; స్నానపు గదిలో గీజరు; పెరటిలో నీటి మోటారు, బట్టలుతుకు యంత్రము; వేసవి వచ్చినచో వరండాలో ఇనుప కూలరు. వీనిలో పెక్కింటికి లోహపు ఒడలు. అన్నిటి చెంతను నీరు. వానిని ముట్టుకొను చేతులు తరచు తడిచేతులు, పాదములు వట్టిపాదములు. కరెంటు మన యింట గోడ దిగి నీటిలోనికి వచ్చినది. అందుచేత ఆనాటి అలవాట్లు నేడు చాలవు.

ఇంటిలోని ప్రతి మంచి సాకెట్టులోను మూడు రంధ్రము లుండుట మీరు చూచియుందురు. క్రిందనున్న రెండింటిలో ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రలు. ఒకదానిగుండ వచ్చిన కరెంటు పనిచేసి రెండవదానిగుండ మరలిపోవును. పైనున్న పెద్ద రంధ్రము ఎర్త్‌ది. దానికి తగిలించిన ఆకుపచ్చ తీగ మెయిన్ బోర్డుకు పోయి, అచ్చటినుండి పెరటిలోని ఎర్త్ గుంతను చేరవలెను. ఈ మూడవ తీగ ఏ దీపమును వెలిగింపదు, ఏ పంకాను త్రిప్పదు. అది లేకున్నను ఫ్రిజ్జు చల్లబరచును, గ్రైండరు రుబ్బును. కావున ఇల్లు కట్టునప్పుడు ఎచ్చటనైన ఖర్చు తగ్గింపవలసి వచ్చినచో మొట్టమొదట చేయి పడునది దానిపైననే. సంవత్సరముల తరబడి ఏమియు జరుగదు. జరిగిననాడు మాత్రము ఆ తీగ ఒక్కటియే మనకు దిక్కు.

ఇది ఇతరులను గూర్చి చెప్పుట కాదు. మా యింటనే జరిగినది. 2014వ సంవత్సరము శ్రావణమాసములో ఒకనాటి ఉదయము, క్రింది వాటాలో అద్దెకున్న యిల్లాలు మాతో, "బాబాయిగారూ, దండెం ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందండీ" అన్నది. ఆ దండెము ఇనుపతీగ. ఒక కొస నూతి ప్రక్కనున్న కొబ్బరిచెట్టుకు, రెండవ కొస స్నానపు గది గోడనున్న ఇనుప గొట్టమునకు కట్టియుండెను. మేము పత్రిక నుండి తల యెత్తకయే, "తడిచేతులమ్మా, చెప్పులేసుకుని ఆరేసుకో" అని బదులు చెప్పితిమి. మూడవనాడు వాన వెలిసిన తరువాత ఆమె తడిచీర దండెముమీద వేయబోయి కెవ్వున అరచి నూతిగట్టుపైన పడిపోయినది. చేయి దండెమునుండి జారుటచేతనే ఆమె బ్రదికినది. పట్టు బిగిసియున్నచో ఈ ప్రసంగము వేరుగా నుండెడిది. బహుశః మాకు చెప్పు ధైర్యమే ఉండెడిది కాదు.

ఎలక్ట్రీషియను వచ్చి చూచెను. స్నానపు గది దీపమునకు పోవు తీగలు ఆ ఇనుప గొట్టములోనుండియే పోవుచున్నవి. గొట్టపు మొన దగ్గర తీగ తొడుగు ఎండకు పగిలి, గాలికి ఒరసికొని, రాగి బయటపడినది. రాగి గొట్టమును తాకినది; గొట్టము దండెమును తాకినది. ఆ గొట్టమునకు ఎర్త్ తీగ ఉండినది గాని, అంతకు కొన్ని సంవత్సరముల క్రిందట మేము పెరటిలో గచ్చు చేయించినప్పుడు అది తెగిపోయినది. ఎర్త్ గుంతయే ఆ గచ్చు క్రింద కప్పబడిపోయినది. మేస్త్రి అడిగినప్పుడు, నేల చదునుగా ఉండిన బాగుండునని కప్పించివేసినది మేమే.

ఆనాడు మేము అడిగిన మొదటి ప్రశ్న ఇది: ఇంత జరిగినను ఫ్యూజు ఏల పోలేదు? ఈ ప్రశ్నకు సమాధానము ప్రతి గృహస్థునకు తెలియవలెను.

మన యిండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులు. 60 వాట్ల బల్బు వెలుగుటకు సుమారు పావు ఆంపియరు, అనగా 260 మిల్లీ ఆంపియర్లు కావలెను. మనుష్యుని ఒడలిగుండ 1 మిల్లీ ఆంపియరు పోయినచో చిన్న చురుకు తెలియును. 10 మిల్లీ ఆంపియర్ల ప్రాంతమున చేతి కండరములు బిగిసికొని, పట్టుకొన్న వస్తువును విడువజాలవు. 30 దాటి కొంత సేపు ప్రవహించినచో ఊపిరికిని గుండెకును ప్రమాదము మొదలగును. తడిసిన ఒడలితో, వట్టిపాదములతో, తడినేలపై నిలిచినవాని శరీర నిరోధము 1,000 ఓముల ప్రాంతమునకు దిగిపోవచ్చును. అప్పుడు 230 వోల్టులు అతనిగుండ పంపునది 230 మిల్లీ ఆంపియర్లు. ఒక మనుష్యుని చంపుటకు 60 వాట్ల బల్బు వెలుగునంత కరెంటు కూడ అక్కరలేదన్నమాట.

ఇక ఫ్యూజు సంగతి. దీపముల ఫ్యూజు 5 ఆంపియర్లకు, అనగా 5,000 మిల్లీ ఆంపియర్లకు ఏర్పరుపబడినది. ఫ్యూజు దృష్టిలో దండెము పట్టుకొని కొట్టుకొనుచున్న మనుష్యుడును ఒక బల్బు వంటివాడే. అది కరుగదు. ఫ్యూజు గాని, నేడు దాని స్థానములో వచ్చిన ఎం.సి.బి. గాని కాపాడునది తీగలను, తద్ద్వారా ఇంటిని అగ్నినుండి. ముట్టుకొన్న మనుష్యుని కాపాడు పని దానిది కాదు. ఫ్యూజు ఉన్నది గదా అని ధైర్యముతో నుండువారు ఈ భేదమును గుర్తింపవలెను.

మనుష్యుని కాపాడునది ఎర్త్. యంత్రములోపల ఫేజు తీగ జారి దాని లోహపు ఒంటికి తగిలినదనుకొందము. ఎర్త్ సరిగా నున్నచో కరెంటుకు భూమిలోనికి సుళువైన దారి దొరకును. ఆ దారి మొత్తము నిరోధము 5 ఓములైనచో 46 ఆంపియర్ల కరెంటు పారును. 5 ఆంపియర్ల ఫ్యూజు ఆ క్షణముననే పోవును. ఎవరును ముట్టుకొనకమునుపే ప్రమాదము తెలిసిపోవును. గుంత ఎండిపోయి నిరోధము 50 ఓములైనచో పారునది 4.6 ఆంపియర్లు మాత్రమే. ఫ్యూజు చెక్కు చెదరదు. వోల్టేజీలో అధిక భాగము యంత్రము ఒంటిమీదనే నిలిచి, తాకువారికొరకు కాచుకొనియుండును. ఎర్త్ ఉన్నదనుకొనుటకును, అది పనిచేయుటకును ఇంత దూరము కలదు.

అందుచేత ఎర్త్ గుంతను గూర్చి కొంత వివరముగా చెప్పెదము. దానిలో పాతునది రెండున్నర మీటర్ల పొడవు గల జస్తా పూసిన ఇనుప గొట్టము గాని, అరవై సెంటీమీటర్ల చదరపు రేకు గాని. చుట్టును బొగ్గు, ఉప్పు పొరలుపొరలుగా వేయుట మన దేశములో చిరకాలముగా నున్న పద్ధతి. ఉప్పును బొగ్గును తేమను నిలుపుటకే. తేమ లేనిదే మట్టి కరెంటును మోయజాలదు. రాతినేలలలోను, ఇసుకనేలలలోను ఇది మరింత నిజము. అట్టిచోట్ల ఒక గుంత చాలక రెండు మూడు త్రవ్వి కలుపవలసి రావచ్చును. గుంతపైన గరాటుతో చిన్న తొట్టి, దానికొక మూత ఉండవలెను. వేసవిలో వారమునకొకసారి రెండు బిందెల నీరు పోయవలెను. ఉప్పు కాలక్రమమున ఇనుమును తినివేయును గనుక, కొన్ని సంవత్సరముల కొకసారి ఎలక్ట్రీషియనుచేత ఎర్త్ నిరోధమును పరికరముతో కొలిపించవలెను. అది 5 ఓములకు మించకుండ నుండుట మేలు. గచ్చు చేయించునప్పుడు, టైల్సు వేయించునప్పుడు ఆ తొట్టిని కప్పివేయుట మేము చేసిన తప్పు, మీరు చేయకుడు.

ఎర్త్ ఎంత బాగున్నను ఎం.సి.బి. కొంత జాగు చేయవచ్చును. ఆ లోటును తీర్చుటకు ఒక పరికరము కలదు. దానిని ఆర్.సి.సి.బి. అందురు. దాని పని లెక్క చూచుట. ఫేజు తీగగుండ ఎంత పోయినదో న్యూట్రలు తీగగుండ అంతయు తిరిగి రావలెను. రాలేదన్నచో కొంత కరెంటు ప్రక్కదారి పట్టి నేలలోనికి పోవుచున్నదన్నమాట. ఆ ప్రక్కదారి ఒక మనుష్యుడే కావచ్చును. ఇండ్లలో వాడు ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినచో సెకనులో మూడు పదవవంతులలోపల సరఫరాను కోసివేయును. తేడా పెరిగినకొలది ఇంకను త్వరపడును. ఇంత స్వల్పమైన తేడాను పట్టి మనుష్యుని కాపాడవచ్చునని 1961లో పరికరమును నిర్మించి చూపినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చార్లెస్ డాల్జియల్.

దీనికిని హద్దులు లేకపోలేదు. ఒకడు ఒక చేత ఫేజును, రెండవ చేత న్యూట్రలును పట్టుకొన్నచో అది గుర్తింపజాలదు; పోయినదంతయు తిరిగి వచ్చుచున్నది గదా! మీటరుకు ఆవల, స్తంభమునుండి వచ్చు సర్వీసు తీగలో జరుగు దోషమును అది ఎరుగదు. సర్వీసు తీగను మోయు గొట్టమునకు గాని, కరెంటు స్తంభమునకు గాని దండెము కట్టరాదనుటకు ఇదియే ముఖ్యకారణము. అసలు ఇనుపతీగ దండెమే వలదు. నైలాను త్రాడు చాలును. ఆర్.సి.సి.బి. మీద పరీక్షించుటకై ఒక బొత్తాము ఉండును. నెలకొకసారి దానిని నొక్కవలెను. నొక్కగానే కరెంటు పోయినచో అది ప్రాణముతో నున్నట్లు. పోనిచో వెంటనే మార్పించవలెను.

"మాటిమాటికి పడిపోవుచున్నది" అని దానిని తప్పించి తీగలను నేరుగా కలిపించుకొన్న ఇండ్లను మేమెరుగుదుము. అది ఊరకే పడిపోదు. ఎచ్చటనో గోడ చెమ్మలో తీగ నానుచున్నది. గీజరు రాడ్డు చీలినది. లేక ఇన్వర్టరు పెట్టినవారు ఒక దారి న్యూట్రలును వేరొక దారి న్యూట్రలుతో కలిపినారు. దోషమును వెదకి సరిచేయవలెను గాని, చెప్పినదాని నోరు మూయరాదు.

ఇక సాకెట్టులను గూర్చి. మూడు రంధ్రములున్నంతమాత్రమున మూడవదానికి తీగ ఉన్నదని నమ్మరాదు. పాత ఇండ్లలో అది తరచు ఖాళీ రంధ్రమే. ఇంతకన్న ఘోరమైనది, ఎర్త్ తీగ లేనిచోట న్యూట్రలునే ఎర్త్ రంధ్రమునకు తగిలించుట. పరీక్షించినప్పుడు అంతయు సరిగా నున్నట్లే కనపడును. ఒకనాడు దారిలో ఎచ్చటనైన న్యూట్రలు తెగినచో, ఆ క్షణమునుండి ఫ్రిజ్జు తలుపు పిడి నేరుగా ఫేజగును. ఎవరైన ఇట్లు చేసెదమన్నచో అంగీకరింపకుడు. మూడు కాళ్ళ ప్లగ్గులో పొడుగు కాలిని విరిచి రెండు రంధ్రముల సాకెట్టులో పెట్టుట, ప్లగ్గే లేక తీగకొసలను అగ్గిపుల్లలతో దోపుట మన కండ్లయెదుట నిత్యము జరుగుచున్నవి. స్విచ్చి ఎల్లప్పుడు ఫేజు తీగమీదనే ఉండవలెను. న్యూట్రలుమీద ఉన్నచో దీపమారినను హోల్డరులో కరెంటు నిలిచియే యుండును. కూలరులో నీరు పోయునప్పుడు స్విచ్చి ఆపుట చాలదు. ప్లగ్గు తీసివేయవలెనని చెప్పుట ఇందుకే. నీళ్ళు కాచు రాడ్డును నీటిలో ముంచిన తరువాతనే స్విచ్చి వేయవలెను. స్విచ్చి ఆపి ప్లగ్గు తీసిన తరువాతనే నీటిని చేతితో చూడవలెను.

తీగల లావును గూర్చి ఒక మాట. దీపములకును పంకాలకును 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగ, గీజరు, ఏ.సి. వంటివానికి 4 చదరపు మిల్లీమీటర్ల తీగ వేయుట నేటి వాడుక. 2,000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగును. దానిని దీపముల తీగకు తగిలించి, ఫ్యూజు పోవుచున్నదని ఫ్యూజులో లావు రాగిపోచ చుట్టుట, ఇల్లు కాలుటకు మనమే అగ్గిపుల్ల గీచుట. ఐ.ఎస్.ఐ. ముద్ర గల తీగలనే కొనవలెను.

మన దేశములో విద్యుద్భద్రతకు 1956 నాటి భారత విద్యుత్ నియమములు చాల కాలము ఆధారముగా నుండెను. వాని స్థానమున కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారి నిబంధనలు 2010లోను, మరల 2023లోను వచ్చినవి. నిబంధనలు మారినను సూత్రము మారలేదు: మీటరు దాటి ఇంటిలోనికి వచ్చిన తీగల బాధ్యత ఇంటివారిది, ఆ పని లైసెన్సు గలవారిచేత చేయింపవలెను.

ఇంటివారనగా ఇంటి యజమాని. ఇచ్చట మేము కొంచెము కఠినముగా మాట్లాడవలసియున్నది. మనము మేడమీద క్రొత్తగా కట్టుకొన్న వాటాలో రాగితీగలు, ఆర్.సి.సి.బి. పెట్టించుకొందుము. క్రింద అద్దెకిచ్చిన పాతవాటాలో చెక్కబద్దీలమీద నాటి తీగలే నడచుచుండును. "ఇప్పుడు అవసరమేమి, ఖాళీ అయిన తరువాత చూతము" అందుము. అద్దెకున్నవారు గోడలు పగులగొట్టి తీగలు మార్పించుకొనలేరు. గట్టిగా అడిగిన ఇల్లు ఖాళీ చేయమందురేమోనని జంకుదురు. అంట్లు తోము మనిషి తడిచేతులతో మోటారు స్విచ్చి వేయును. ఆమెకు అడుగు చనువైనను లేదు. ఒక ఆర్.సి.సి.బి. వెల ఇంటి ముందరి గేటుకు వేయించు రంగు ఖర్చుకన్న ఎక్కువ కాదు. గేటు దారిన పోవువారికి కనపడును. ఇది ఎవరికిని కనపడదు. భేదము అంతియే.

ఎంత జాగ్రత్తపడినను ప్రమాదము జరుగవచ్చును. అప్పుడు చేయవలసినది ఇంటిల్లిపాదికి తెలిసియుండవలెను. పట్టుబడినవారిని చేతితో లాగరాదు, లాగినవారును చిక్కుకొందురు. మొదట మెయిన్ స్విచ్చి ఆపవలెను. ఇన్వర్టరున్న యింట దానినికూడ ఆపవలెను. మెయిన్ ఆపినను అది సరఫరా చేయుచునే యుండును. స్విచ్చి దూరమైనచో పొడిచెక్కమీద నిలిచి, పొడికర్రతో తీగను తొలగింపవలెను. వీధిలో తెగిపడిన స్తంభపు తీగ అయినచో దగ్గరకే పోరాదు, 1912కు చెప్పవలెను. విడిపించిన తరువాత మనిషి ఊపిరి తీయకున్నచో 108కి కబురుచేసి, ఆలసింపక రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు 100 నుండి 120 మారులు అయిదు సెంటీమీటర్ల లోతుకు అదుముచుండవలెను. సహాయము వచ్చువరకు ఆపరాదు. లేచి కూర్చున్నవారినైనను వైద్యునకు చూపవలెను.

మా పెరటిలో గచ్చు పగులగొట్టించి క్రొత్త గుంత త్రవ్వించితిమి. రెండు వాటాలకును ఆర్.సి.సి.బి.లు పెట్టించితిమి. దండెము నైలాను త్రాడైనది. ప్రతి నెల మొదటి ఆదివారమునాడు పరీక్ష బొత్తాము నొక్కుట, వేసవిలో గుంతకు నీరు పోయుట మా యింట ఆచారమైనది. రేడియో ఎర్త్‌కు నీళ్ళు పోసిన చెంబులు ఇప్పుడు లేవు. ప్లాస్టికు మగ్గుతో మనుమలు పోయుచున్నారు.

ఈ ప్రసంగములోని అంకెలన్నియు మీకు గుర్తుండకపోవచ్చును. ఒక్కటి గుర్తుంచుకొనిన చాలును. మీ యింటిలో ఎవరైన, యజమానియే కానిండు, అద్దెకున్నవారే కానిండు, పనిమనిషియే కానిండు, "చెయ్యి జివ్వుమంటోంది" అని చెప్పినచో వారికి చెప్పులు తొడుగుకొమ్మని చెప్పకుడు. లేచిపోయి మెయిన్ స్విచ్చి ఆపుడు. ఎలక్ట్రీషియను వచ్చి దోషమును కనుగొని సరిచేయువరకు దానిని వేయకుడు. ఒక పూట చీకటిలో గడచినను నష్టము లేదు.